నరసరావుపేట బెల్లమీలు

బెల్లం యల్లమందకి ఒక అలవాటు ఉండేది. ఎదుటివాళ్ళు పొరపాటు పడితే వెంటనే దిద్దడు. ఆ పొరపాటు ఎంతదూరం నడుస్తుందో చూడాలని అతనికి మహా సరదా. పాలిటెక్నిక్‌లో చదివే రోజుల్లో గుంటూరులో ఎవరిదో పెళ్ళివారి బస్సు పొరపాటున ఎక్కాడు. పెళ్ళికొడుకు మేనబావ అనుకుని వాళ్ళు పట్టుపంచె పెడితే కట్టుకున్నాడు, అక్షింతలు వేశాడు, బంతిలో కూర్చుని అప్పడం రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ పెళ్ళి ఎవరిదో అతనికి ఆ తర్వాత కూడా తెలియలేదు.

అలాంటి మనిషి సౌదీలో, కువైట్ సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న ఖఫ్జీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా చేరాడు. చమురు బావులకి కరెంటు పనులు చేసిపెట్టే కంపెనీ అది. భార్య ఊర్మిల రియాద్‌లో, మలాజ్ పేటలోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇద్దరి మధ్య ఒక పగలంతా పట్టే ప్రయాణం. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి పోయి, ఆమె చేతి గోంగూర పచ్చడి తిని, ఇంకో సీసా చంకన పెట్టుకుని తిరిగి వచ్చేవాడు. రియాద్‌కి బదిలీ చేయమని పెట్టుకున్న అర్జీలకి జవాబే లేదు.

ఆ బదిలీని చివరికి యుద్ధం చేసిపెట్టింది.

తొంభై ఒకటి జనవరిలో యుద్ధం మొదలైన పొద్దునే ఇరాకీ ఫిరంగి గుండ్లు ఖఫ్జీ మీద పడ్డాయి. యల్లమంద అప్పుడు పళ్ళు తోముకుంటున్నాడు. బ్రష్షు నోట్లో ఉండగానే, చేతికందిన గోంగూర సీసా ఒక్కటి పట్టుకుని బయటికి పరిగెత్తాడు. కంపెనీ బస్సు డ్రైవర్ అల్లాబకాష్ అప్పటికే ఇంజను వేసి హారన్ మోగిస్తున్నాడు. అతనిది కడప జిల్లా రాయచోటి.

"బిరీన ఎక్కు సార్! ఆ మూటా ముల్లె ఏమొద్దు, పానం ఉంటే సాలు!" అని అరిచాడు.

అందరూ ఎక్కారు. బస్సు దక్షిణం వైపు దౌడు తీసింది. దమ్మాం చేరాక అక్కడి ఆఫీసువాళ్ళు వచ్చినవాళ్ళ పేర్లు టెలెక్స్‌లో రియాద్‌కి కొట్టారు. ఇంగ్లిషులో బెల్లం అని రాసి, పక్కన యల్లమందకి గుర్తుగా 'వై' అనే ఒక్క అక్షరం పెట్టడం కంపెనీ పద్ధతి. ఆ పూట టెలెక్స్ కొట్టినవాడు ఏ తొందరలో ఉన్నాడో ఏమో, మధ్యలో ఖాళీ వదల్లేదు. ఖాళీ పోతే బెల్లమూ వైయ్యీ కలిసి 'బెల్లమీ' అవుతుంది. అది అచ్చంగా ఇంగ్లిషువాళ్ళ ఇంటిపేరు.

రియాద్‌లో గదులు కేటాయించే పని కాషిఫ్‌ది. హైదరాబాద్ యాకుత్‌పురా కుర్రాడు. ఇండియా, పాకిస్తాన్ వాళ్ళకి ఊరి బయట రేకుల క్యాంపు, ఇంగ్లిషువాళ్ళకి మలాజ్‌లో విల్లాలు. కాషిఫ్ "మిస్టర్ బెల్లమీ!" అని పిలిచాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచి, ఆ పేరు పక్కన ఉన్న ఉద్యోగి నంబరు చదివాడు. అది తనదే. యల్లమంద చెయ్యెత్తాడు.

కాషిఫ్ అతన్ని కిందినుంచి మీదిదాకా చూశాడు. "గిదేంది సాబ్? నేను గోరాయన అనుకుంటి. మీకు మలాజ్ల విల్లా ఇచ్చేసిన. ఆడ ఇంకో బెల్లమీ సాబ్ ఉన్నడు. ఒక్కటే ఖాందాన్ కదా అని ఇద్దర్ని ఒక్క దాంట్లనే ఏసిన."

"మార్చేస్తావా మరి?" అన్నాడు యల్లమంద.

"మారుస్తే మళ్ళ హెడ్డాఫీసోళ్ళకి చెప్పాలె, ఆళ్ళు దమ్మామ్‌కి చెప్పాలె. లడాయిల గివన్ని ఎవడు జేస్తడు? మీకేమన్న తక్లీఫా?"

మలాజ్‌లో ఆ విల్లా నుంచి ఊర్మిల ఉండే నర్సుల క్వార్టర్స్‌కి రెండు వీధులు దాటితే చాలు. యల్లమంద చాలా ఇబ్బంది పడుతున్నట్టు మొహం పెట్టి, "సరేలే, ఎట్టోగట్టా సర్దుకుంటాను" అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

విల్లా తలుపు తీసిన మనిషి అరవైకి దగ్గర్లో ఉన్నాడు. పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉన్నాడు. మెడకి టై. వెనక బల్ల మీద టీ కెటిల్, రెండు కప్పులు, బిస్కెట్లు. బంధువు వస్తున్నాడని ముస్తాబై కూర్చున్నాడని చూడగానే తెలిసిపోయింది. కంపెనీ నీటిశుద్ధి ప్లాంటులో రసాయనవేత్త. పేరు హ్యూ బెల్లమీ.

"నేను బెల్లమీని. మీకేం కావాలి?" అని ఇంగ్లిషులో అడిగాడు.

"కంపెనీ లెక్క ప్రకారం నేనూ బెల్లమీనే" అన్నాడు యల్లమంద, చంకలో గోంగూర సీసా సర్దుకుంటూ.

ఆ మాటకి హ్యూ కోప్పడతాడనుకున్నాడు. పోనీ, నవ్వుతాడనుకున్నాడు. రెండూ జరగలేదు. ఆ పెద్దమనిషి కళ్ళు దీపాల్లా వెలిగాయి. యల్లమంద చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. గోడ మీద పెద్ద ప్రపంచ పటం. దాని నిండా రంగురంగుల గుండుసూదులు.

"ఏ శాఖ?" అన్నాడు.

"నరసరావుపేట."

హ్యూ భూతద్దం తీసి పటంలో వెతకడం మొదలుపెట్టాడు. వెతుకుతూనే కథంతా చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనకి ఇదే పిచ్చి. ప్రపంచంలో బెల్లమీ అనేవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో టెలిఫోను పుస్తకాలు చూసి పట్టుకుంటాడు, వాళ్ళకి జాబులు రాస్తాడు, సూది గుచ్చుతాడు. ఫ్రెంచి భాషలో 'బెల్ అమీ' అంటే చక్కని స్నేహితుడని అర్థమట. నార్మన్లు ఇంగ్లండ్ మీదికి వచ్చినప్పుడు ఆ మాట వాళ్ళతో పాటు సముద్రం దాటిందట. ఇంగ్లండ్ తూర్పు జిల్లాల్లో చిక్కగా పెరిగి, అక్కణ్ణించి ఐర్లండ్‌కీ, ఆస్ట్రేలియాకీ, వెస్టిండీస్‌కీ పాకిందట. ఎర్ర సూదులు ఇంగ్లండ్‌వి, పచ్చవి వలస పోయినవాళ్ళవి. ఇండియాలో మాత్రం ఒక్క సూదీ లేదు. అది ఆయనకి ఎన్నాళ్ళుగానో పెద్ద లోటు.

"మీ కుటుంబానికి ఈ పేరు ఎప్పటినుంచి ఉంది?"

"మా ముత్తాతలనాటి నుంచి" అన్నాడు యల్లమంద. నిజమే కదా.

"మీ ఊళ్ళో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఒక వీధి వీధంతా మావాళ్ళే."

హ్యూ కుర్చీలో కూలబడ్డాడు. "వీధంతానా! ఇంగ్లండ్‌లో కూడా అలాంటి వీధి లేదు. ఏం చేసేవారు మీ పెద్దలు?"

"చెరకు తీపి సరుకు వ్యాపారం."

"చక్కెర!" అని హ్యూ లేచి నిలబడ్డాడు. వెస్టిండీస్ పచ్చసూదుల మీద వేలు పెట్టాడు. అక్కడి బెల్లమీలదీ చక్కెర వ్యాపారమేనట. అక్కణ్ణించి ఎవరో ఒక బెల్లమీ ఓడెక్కి మచిలీపట్నంలో దిగి ఉంటాడని, అక్కడ ఒక తెలుగు పిల్లని చేసుకుని ఉంటాడని, టీ చల్లారేలోపు ఒక సిద్ధాంతం కట్టేశాడు. యల్లమంద బిస్కెట్టు నములుతూ, "అయ్యుండొచ్చు" అన్నాడు. నరసరావుపేట మీద పచ్చసూది దిగింది.

అప్పుడప్పుడే రియాద్ మీద స్కడ్ క్షిపణులు పడటం మొదలైంది. సైరన్ కూయగానే ఇద్దరూ కిటికీలకి టేపు అంటించిన గదిలో దూరి, గ్యాస్ మాస్కులు తగిలించుకుని ఎదురెదురుగా కూర్చునేవారు. మాస్కులో హ్యూ గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండేది. ఆ గొంతుతోనే పదమూడో శతాబ్దపు బెల్లమీల గురించి చెప్పేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అన్నదమ్ములు లేరు. "మా కొమ్మకి చివరి ఆకుని నేనే" అన్నాడొకసారి. యల్లమందకి అప్పుడు కాస్త జాలేసింది. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. మర్నాడే అల్లాబకాష్ వచ్చాడు.

"సార్, క్యాంపులో మాకు మాస్కులు లేవంట. సైరన్ కూస్తే తుండుగుడ్డ తడుపుకోని మూతికి కట్టుకోమంటాండారు. ఆ విషవాయువేందో తుండుగుడ్డకి బయపడతాదా?"

యల్లమంద కాషిఫ్ దగ్గరికి పోయాడు. మాస్కులు ఉన్నాయి, గోడౌన్ నిండా ఉన్నాయి. "కానీ రూలు గట్లుంది సాబ్. విల్లాలల్ల ఉండేటోళ్ళకి, ఆళ్ళ కుటుంబమోళ్ళకే ఇయ్యాలె. ఆ విల్లాల ఉండే పెద్దసాబ్ సంతకం పెట్టాలె. క్యాంపోళ్ళ ఊసే లేదు. నాగ్గూడ లేదు, ఎరికేనా?"

"కుటుంబమోళ్ళంటే ఎంతవరకు?"

కాషిఫ్ రూలు కాగితం తిరగేసి చూశాడు. తర్వాత మెల్లగా నవ్వు మొదలైంది. "అది రూల్ల రాయలే సాబ్."

ఆ సాయంత్రం యల్లమంద హ్యూ ముందు అల్లాబకాష్‌ని నిలబెట్టి, "ఇతను కూడా మావాడే. అల్లాబకాష్ బెల్లమీ. మాస్కు కావాలి" అన్నాడు.

హ్యూ కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఏ ఊరు?"

"రాయచోటి సార్" అన్నాడు అల్లాబకాష్, చేతులు కట్టుకుని.

"నరసరావుపేటకి దూరమా?"

"మధ్యలో ఒక్క జిల్లా అడ్డం, అంతే" అన్నాడు యల్లమంద.

హ్యూ భూతద్దం తీసి పటంలో వెతికాడు. తర్వాత రాయచోటి మీద ఒక పచ్చసూది గుచ్చి, మాస్కు కాగితం మీద సంతకం పెట్టాడు. "శాఖ దక్షిణానికి విస్తరించింది" అన్నాడు గంభీరంగా.

ఆ తర్వాత బెల్లమీ వంశం వరదలా పెరిగింది. నెల్లూరు వెల్డరు, కరీంనగర్ మేస్త్రీ, పెషావర్ వంటవాడు, చిట్టగాంగ్ నుంచి వచ్చిన ఇద్దరు పెయింటర్లు, అందరూ ఒకరి వెనక ఒకరు మలాజ్ విల్లాకి వచ్చి హ్యూ ముందు నిలబడ్డారు. "మీ ఇంటిపేరు?" అంటే ఠక్కున "బెల్లమీ సార్" అనేవారు. అల్లాబకాష్ బస్సులోనే వాళ్ళకి పాఠం చెప్పి తెచ్చేవాడు. పెషావర్ వంటవాడు మాత్రం నోరు తిరగక "బిల్లీమామీ" అన్నాడు. అది ప్రాంతీయ ఉచ్చారణ అని హ్యూ రాసుకున్నాడు. పచ్చసూదులు అయిపోయాయి. ఊర్మిల ఆసుపత్రి నుంచి తెల్ల తలలున్న గుండుసూదులు ఒక పెట్టె తెచ్చి ఇచ్చింది. చివర్లో కాషిఫ్ కూడా వచ్చి వరసలో నిలబడి, "యాకుత్‌పురా బెల్లమీ సాబ్" అని సలాం కొట్టాడు.

క్యాంపులో మాస్కు లేనివాడంటూ లేకుండా పోయాక, హెడ్డాఫీసుకి అనుమానం వచ్చింది. ఒక ఇంగ్లిషు మేనేజరు విల్లాకి వచ్చాడు. "మిస్టర్ బెల్లమీ, ఈ కంపెనీలో ఇంతమంది మీ బంధువులా? ఇదేం విడ్డూరం?"

యల్లమంద వంటగది తలుపు చాటున నిలబడి విన్నాడు. ఉద్యోగం పోతే ఎగ్జిట్ ముద్ర కొట్టి దేశం నుంచి పంపేస్తారు.

"కూర్చోండి" అన్నాడు హ్యూ. "మీరు అడిగినందుకు సంతోషం." నార్మన్ల దండయాత్ర దగ్గర ఎత్తుకున్నాడు. చర్చి రిజిస్టర్లూ, పన్ను రికార్డులూ, రెండు 'ఎల్'లు రాసే బెల్లమీలకీ ఒక్క 'ఎల్' రాసేవాళ్ళకీ తేడాలూ, అన్నీ చెప్పాడు. పటం ముందుకి తీసుకుపోయి ఒక్కొక్క సూదికీ ఒక్కొక్క కథ చెప్పాడు. వెస్టిండీస్ దాకా వచ్చేసరికి మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఆస్ట్రేలియా దగ్గర లేచి నిలబడ్డాడు. "ఇండియా ఇంకా మొదలే పెట్టలేదు" అని హ్యూ అంటుంటే, తనకి అర్జెంటు పని ఉందని చెప్పి కారెక్కాడు. మాస్కుల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా విన్న ఊర్మిల కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, భర్త మీద విరుచుకుపడింది.

"మాస్కులంటే సరే, ప్రాణాల మీదికొచ్చిన పని. పాపం ఆ పెద్దాయన మనల్ని నిజంగానే చుట్టాలనుకుంటున్నాడు. ఇంకా నాన్చితే కళ్ళు పోతాయండీ."

"ఎట్టా చెప్పమంటావ్?"

"మీరేం చెప్తార్లే. నేనొస్తాను పదండి."

కాల్పులు ఆగిపోయిన వారంలో ఆమె విల్లాకి వచ్చింది. హ్యూ మళ్ళీ టై కట్టుకున్నాడు. ఊర్మిల గిన్నెడు పరమాన్నం వడ్డించి, పక్కన పళ్ళెంలో గోధుమరంగు ముక్క ఒకటి పెట్టింది. మలాజ్‌లో మలయాళీ కొట్లో దొరికిన సరుకది.

"దీన్ని మా భాషలో బెల్లం అంటారండీ" అంది. "మావారి ముత్తాత బండి మీద దీన్ని వేసుకుని తిరనాళ్ళలో అమ్మేవాడంట. అందుకని బెల్లంవాళ్ళన్నారు. బెల్లం, వై. అంతే. మేము మీవాళ్ళం కాదు. మిమ్మల్ని మోసం చేశాం. ఏమీ అనుకోకండి."

యల్లమంద తల వంచుకుని కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక పొరపాటు ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూశాడు.

హ్యూ ఆ ముక్క కొంచెం కొరికాడు. చప్పరించాడు. ఇంకొంచెం కొరికాడు. తర్వాత జాలిగా ఊర్మిల వైపు చూశాడు.

"అమ్మా, ఇలాంటివి నాకు కొత్త కాదు" అన్నాడు. "పేరు అసలు అర్థం మరిచిపోయాక, దగ్గర్లో దొరికిన ఏదో మాటకి దాన్ని ముడిపెట్టి జనం ఒక కథ అల్లుకుంటారు. ఐర్లండ్ బెల్లమీలు మేం గంటలు మోగించేవాళ్ళం, అందుకే ఆ పేరొచ్చిందంటారు. మీరు బెల్లం అంటున్నారు. కథ బాగుంది. కానీ సాక్ష్యం ఏది?"

"అదుగో, మీ నోట్లో ఉంది" అంది ఊర్మిల.

"ఇది రుచి. సాక్ష్యం కాదు" అన్నాడు హ్యూ, గిన్నె ముందుకి తోసి ఇంకాస్త పరమాన్నం వేయమన్నట్టు.

ఆ రాత్రి క్వార్టర్స్‌కి నడుస్తూ ఊర్మిల అంది: "ఈయనకి నిజంగానే తెలియదా, లేకపోతే మనకన్నా ఘటికుడా?" అది యల్లమందకి ఎప్పటికీ తేలలేదు.

మరమ్మతులకి యల్లమంద తిరిగి ఖఫ్జీ వెళ్ళాడు. గోడలనిండా గుళ్ళ తూట్లు, తన గదిలో పాకురు పట్టిన బకెట్టు. హ్యూ రియాద్‌లోనే ఉండిపోయాడు. మరుసటి ఏడు ఊర్మిలకి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. యల్లమంద ఖఫ్జీలో ఉన్నాడు. ఆమె హ్యూకి ఫోను చేయించింది. హ్యూ పైజామా మీదే కోటు తొడుక్కుని ఆసుపత్రికి వచ్చి కూర్చున్నాడు. కౌంటర్లో గుమాస్తా ఇంటిపేరు అడిగితే, ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలికి మరీ రాయించాడు.

అల్లాబకాష్ తోలుతుంటే ఎక్కడా ఆగకుండా వచ్చిన యల్లమంద, ఉయ్యాల్లో పాపని చూసి మురిసిపోయాడు. తర్వాత కాలికి కట్టిన చీటీ చూసి ఉలిక్కిపడ్డాడు. 'బేబీ బెల్లమీ.'

బర్త్ సర్టిఫికెట్లో అదే పడితే ఇండియా పాస్‌పోర్టు రాదు. పాస్‌పోర్టు లేకపోతే సౌదీలో ఉండనిచ్చే ఇఖామా కార్డు లేదు. యల్లమంద కౌంటర్ చుట్టూ తిరిగాడు. పెద్దమనిషి తానే స్పెల్లింగు చెప్పాడు కదా, తప్పెలా అవుతుందని గుమాస్తా పట్టుపట్టాడు. ఆ చెప్పిన మనిషే వచ్చి కాదనాలట.

యల్లమంద హ్యూని అడగడానికి మొహమాటపడ్డాడు. అయినా అడిగాడు. మర్నాడు హ్యూ టై కట్టుకుని వచ్చి, కౌంటర్ ముందు నిలబడి, స్పష్టంగా చెప్పాడు: "పొరపాటు నాదే. ఈ కుటుంబం బెల్లమీలు కారు. బెల్లం వేరు, బెల్లమీ వేరు. రెండింటికీ ఎలాంటి సంబంధం లేదు."

గుమాస్తా కొట్టేసి తిరిగి రాశాడు. పాప బెల్లం భవిత అయింది.

కారెక్కాక హ్యూ మొహం ఎర్రగా ఉంది. కిటికీ బయటికే చూస్తున్నాడు. యల్లమంద థాంక్స్ చెప్పబోయాడు.

"ఇంకోసారి నన్నిలాంటి పని అడగొద్దు" అన్నాడు హ్యూ. "ముప్పై ఏళ్ళలో బెల్లమీల గురించి నేనాడిన మొదటి అబద్ధం ఇది. పిల్ల కోసం ఆడాను."

ముందు సీట్లో అల్లాబకాష్ నవ్వాగక దగ్గు తెచ్చుకున్నాడు.

మరి మూడేళ్ళకి హ్యూ ఎగ్జిట్ తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. పటం చుట్టి చంకలో పెట్టుకుని, భవితని ఎత్తుకుని ముద్దాడి, విమానమెక్కాడు. అక్కడినుంచి ప్రపంచంలోని బెల్లమీలందరికీ ఏటా ఒక సర్క్యులర్ పంపేవాడు. అందులో నరసరావుపేట శాఖ గురించి రాసి, వీధి చిరునామా కూడా ఇచ్చాడు. దాంతో క్రిస్మస్‌కి మెల్‌బోర్న్ నుంచీ డబ్లిన్ నుంచీ ఆ వీధికి గ్రీటింగు కార్డులు వచ్చిపడటం మొదలైంది.

యల్లమంద బాబాయి పిచ్చయ్య ఆ కార్డులన్నీ తన పొగాకు కొట్లో దారానికి కట్టి వేలాడదీశాడు. ఎవరైనా అడిగితే, "మనవాళ్ళేనయ్యా. ఎప్పుడో బెల్లం బండ్లు తోలుకుంటా రేవుదాకా పోయి, ఓడెక్కి ఇంగ్లండ్ వలసపోయారంట. అక్కడ ఎండ లేక తెల్లబడ్డారు" అని చెప్పేవాడు. కొన్నాళ్ళకి వీధంతా ఆ మాటే అనడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం పొద్దున పిచ్చయ్య ఖఫ్జీకి ఫోను చేశాడు.

"ఒరే యల్లమందా, ఆ డబ్లిన్‌వాళ్ళకి పెళ్ళీడు కుర్రాళ్ళున్నారంటగా. రేపెవరైనా ఈడికొచ్చి మన పిల్లల్ని చూస్తే చిక్కు. వరసలు తేల్చుకోవాల. ఆళ్ళ గోత్రమేందో కనుక్కోరా."

యల్లమంద ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు ఇంగ్లిషులోకి మార్చి హ్యూకి రాశాడు. పది రోజులు తిరక్కుండానే జవాబు వచ్చింది. గోత్రం అనే అంశాన్ని ఇన్నేళ్ళూ తాను పట్టించుకోకపోవడం పెద్ద లోపమేననీ, వెంటనే పరిశోధన మొదలుపెట్టాననీ, తుది నిర్ణయం అయ్యేదాకా సంబంధాలు ఖాయం చేయొద్దని పిచ్చయ్యగారికి చెప్పమనీ అందులో ఉంది.